సెలవు చీటీ

బొమ్మనహళ్లి ఫ్యాక్టరీలో నా పని చెకింగ్.
ట్యూబులైటు కింద చొక్కా పరిచి
మూడు వేళ్లతో నిమిరితే చాలు,
తప్పిన కుట్టు, మడత కింద దారపు ముడి,
కాలర్ లోపల విరిగిపోయిన సూదిమొన
వేళ్లకే ముందు తెలుస్తాయి,
కళ్లకు తర్వాత.

ఆదివారం మా వఠారం మిద్దె మీద
ఆరేసిన చీరల మధ్య చాప పరిచింది ఫిలోమినా సిస్టరు.
కోలారు తెలుగు ఆమెది, నడుమ నడుమ కన్నడం తగులుతుంది.
సంచిలోంచి బయటికి తీసింది
మెత్తటి రబ్బరు రొమ్ము ఒకటి.
షంషాద్ కొంగు నోట్లో కుక్కుకుంది.
"మేయ్, తలుపెయ్యండి!" అంది ఓబుళమ్మ.
మిద్దెకు తలుపెక్కడిది?

మాకు ఆ మాటకు నోరు తిరగదు.
బిడ్డ తాగినన్నాళ్లు చన్ను,
బిడ్డ మానేశాక దానికి పేరే లేదు.
నొప్పొస్తే "గుండెకాడ" అంటాం,
కాంపౌండరు గుండెకే మాత్రలిస్తాడు.
మా తెలుగయ్యవారు గబగబా దాటేసిన పద్యాల్లో
బంగారు కుండలన్నారు, జంట కొండలన్నారు.
అంతమంది అంత కన్నార్పకుండా చూశారు గదా,
గడ్డేమైనా ఉందేమో చూసుకో తల్లీ
అని ఒక్కరైనా అన్నారా?

సిస్టరు చెయ్యెత్తి తన జాకెట్టు మీదే చూపించింది.
ముట్టయిన వారం పది రోజులకు.
ముట్టు ఆగినోళ్లు జీతం తేదీ పెట్టుకోండి, మర్చిపోరు.
వేలి మొనతో కాదు, మెత్తనతో.
ముందు తేలిగ్గా, తర్వాత కొంచెం అదిమి,
ఆఖరున పక్కటెముక తగిలేదాకా.
చంక వదలొద్దు, చంక కూడా మీదే.
"గడ్డలన్నీ కేన్సర్లు కావు, చాలామటుకు కావు.
ఆ మాట డాక్టరు చెప్పాల,
మీ భయం కాదు."

రబ్బరుది ఒళ్లోంచి ఒళ్లోకి పోయింది.
ముగ్గురు బిడ్డల తల్లి ఓబుళమ్మ
తెలీకుండానే దాన్ని జోకొట్టింది,
అందరం పడీపడీ నవ్వాం.
"నాలుగున్నాయి, వెతకండి" అంది సిస్టరు.
"ఐదు" అన్నాను.
ఆమె నా వేళ్లకేసి చూసింది.
"ఐదే. ఊరికే తక్కువ చెప్తాను."

అప్పుడెవరో నరసక్క పేరెత్తారు.
వదులు జాకెట్లు కుట్టించుకొని, లోపల చేతిగుడ్డ మడిచి పెట్టుకొని,
రెండేళ్లు ఎవరికీ చెప్పని నరసక్క.
నలభైమూడో నంబరు మిషను మీద ఇప్పుడెవరో కొత్తపిల్ల.
నవ్వు ఎప్పుడాగిందో గమనించలేదు.

ఆరిళ్లకు ఒక్కటే బాత్రూము మాది.
బయట బకెట్టు చప్పుడు, "అయిందా?" అని కేక.
గడియ పెట్టుకొని ఎడమ వైపు చూశాను, బాగుంది.
కుడి వైపు, పైన, చంక దగ్గరికి వస్తుంటే
కాలర్ గుండీ అంత.
మళ్లీ చూశాను. ఉంది.
చొక్కాకైతే ఎర్రబాణం స్టిక్కరు అంటించి
ఆల్టర్‌కి తోసేదాన్ని.
నీళ్లు చల్లారిపోయేదాకా
నా వేళ్ల మీద నాకే కోపం.

పదకొండేళ్లుగా సెలవు చీటీలో
కారణం దగ్గర జ్వరమనే రాశాను.
ముట్టునొప్పి జ్వరమే,
మూడో నెలలో పోయిన కడుపూ జ్వరమే.
సోమవారం నాకొచ్చిన ఒక్క లిపిలో రాశాను:
రొమ్ములో గడ్డ. ఈయస్సైకి పోవాల.

సూపర్వైజరు సోమశేఖరప్ప కన్నడాయన.
మా అక్షరాలూ వాళ్ల అక్షరాలూ పెద్దమ్మ పిల్లలు,
తలకట్టు దగ్గరే తేడా, కూడబలుక్కుంటే వస్తాయి.
"రొ..." అన్నాడు పైకే.
"మ్ము..."
ఆగాడు. కళ్లజోడు తీసి
అంగీ అంచుతో తుడిచాడు, చాలాసేపు తుడిచాడు.
"జ్వరమని రాసుంటే అయిపోయేది గదమ్మా" అన్నాడు నేల చూస్తూ.

వెనకాల షంషాద్ మిషను ఆగింది.
ఓబుళమ్మది ఆగింది.

"జ్వరం కాదు సార్" అన్నాను.
"మిగతాది కూడా చదవండి."